లింగ పరివర్తనలో హార్మోన్ చికిత్స: భారతదేశంలో అందుబాటు

పుట్టినప్పుడు రాసుకున్న లింగం ఒకటి, మనిషి తనలో తాను ఎరిగిన లింగం మరొకటి అయినప్పుడు, శరీరాన్ని ఆ రెండోదానికి దగ్గర చేసేందుకు మందులతో చేసే వైద్యమే లింగ పరివర్తన హార్మోన్ చికిత్స. ట్రాన్స్ స్త్రీలకు ఈస్ట్రోజెన్‌నూ, దానితోపాటు టెస్టోస్టెరాన్‌ను అణచే మందునూ ఇస్తారు. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టెరాన్ ఇస్తారు. శస్త్రచికిత్స అక్కర్లేదనుకునేవారు, కావాలనుకున్నా చేయించుకోలేనివారు చాలామంది ఉంటారు. వారి విషయంలో వైద్యపరంగా పరివర్తన అంటే ఈ చికిత్స ఒక్కటే.

ఇందులో వాడే మందులేవీ దీనికోసమని తయారైనవి కావు. ముట్లుడిగిన స్త్రీలకు, టెస్టోస్టెరాన్ తక్కువైన పురుషులకు, ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులకు, గుండె జబ్బులున్నవారికి దశాబ్దాలుగా ఇస్తున్నవే. జిల్లా కేంద్రంలో కాస్త పెద్ద మెడికల్ షాపుకు వెళితే వీటిలో చాలావరకు దొరుకుతాయి. రక్తపరీక్ష చూసి, మోతాదు కట్టి, మూడు నెలలకు మళ్ళీ రమ్మనే డాక్టరు మాత్రం దొరకడం కష్టం. భారతదేశంలో ఈ చికిత్స అందుబాటు గురించి చెప్పుకోవలసినదంతా ఆ కొరత చుట్టూనే ఉంది.

2011 జనాభా లెక్కల్లో తొలిసారిగా స్త్రీ, పురుష గడులతోపాటు ‘ఇతరులు’ అనే గడి పెట్టారు. దేశం మొత్తంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలో నమోదయ్యారు. ఇంట్లో చెప్పుకోలేనివారు, ఇంటి పెద్ద నోటితో స్త్రీగానో పురుషుడిగానో లెక్కకెక్కినవారు ఇందులో లేరు గనుక అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే అయి ఉండాలి. వీరందరికీ హార్మోన్లు అవసరమనీ కాదు, అందరూ కోరుకుంటారనీ కాదు.

మందులు, మార్పులు

ఈస్ట్రోజెన్ రకాల్లో నేటి వైద్యులు మొగ్గేది ఎస్ట్రాడయోల్ వైపు. ఇది ఎస్ట్రాడయోల్ వాలరేట్ మాత్రలుగా, చర్మానికి రాసుకునే జెల్‌గా దొరుకుతుంది. పాశ్చాత్య దేశాల్లో విరివిగా వాడే చర్మపు పట్టీలు ఇక్కడ అంత సులువుగా దొరకవు. వయసు పైబడినవారికి, పొగ తాగేవారికి, రక్తం గడ్డకట్టే లక్షణం ఉన్నవారికి మాత్రకంటే చర్మం ద్వారా ఇచ్చే మందే మేలు. కాలేయం మీదుగా వెళ్ళదు గనుక దానివల్ల గడ్డల ప్రమాదం తక్కువ.

టెస్టోస్టెరాన్‌ను అణచడానికి ఎక్కువగా రాసేది స్పైరనోలాక్టోన్. ఒంట్లో చేరిన నీరు తీయడానికి, రక్తపోటు తగ్గించడానికి వాడే పాత మాత్ర ఇది. దీనివల్ల రక్తంలో పొటాషియం పెరగవచ్చు కాబట్టి మూత్రపిండాల పనితీరును గమనిస్తూ ఉండాలి. సైప్రొటెరోన్ ఎసిటేట్ మరింత గట్టిగా పనిచేస్తుంది. కాని దాన్ని పెద్ద మోతాదులో ఏళ్ళ తరబడి వాడినవారిలో మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డలు వచ్చే అవకాశం పెరుగుతుందని తేలాక, రోజుకు 10 మిల్లీగ్రాములు చాలన్న అభిప్రాయం బలపడింది. ల్యూప్రొలైడ్ వంటి ఇంజెక్షన్లు మెదడు నుంచి వచ్చే సంకేతాన్నే ఆపేస్తాయి. ఇవి బాగా పనిచేస్తాయి గానీ ఖరీదు వల్ల ఇక్కడ కొద్దిమందికే అందుతాయి.

టెస్టోస్టెరాన్‌ను కండరంలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడమే భారత్‌లో ఎక్కువ. నాలుగు ఎస్టర్లు కలిపిన సస్టనాన్ 250, టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ రెండు మూడు వారాలకొకసారి వేసుకునేవి. టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ పది పన్నెండు వారాలపాటు పనిచేస్తుంది. రోజూ రాసుకునే జెల్ కూడా ఉంది.

ఈస్ట్రోజెన్ మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో రొమ్ములు పెరగడం మొదలై, ఆ పెరుగుదల రెండు మూడేళ్ళు సాగుతుంది. చర్మం మెత్తబడుతుంది, కొవ్వు తుంటి వైపు చేరుతుంది, కండ తగ్గుతుంది. ఒకసారి మొరటుబడిన గొంతును ఈస్ట్రోజెన్ మార్చలేదు, గడ్డాన్ని పూర్తిగా పోగొట్టలేదు. దానికి గొంతు సాధన, లేజర్ వంటివి విడిగా కావాలి. ట్రాన్స్ పురుషుల్లో తొలి ఆరు నెలల్లో నెలసరి ఆగిపోతుంది, ఏడాదిలోపు గొంతు మారుతుంది, గడ్డం నిండుగా రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. గొంతులో వచ్చిన ఈ మార్పు మందు మానేసినా తిరిగిపోదు. ఎస్ట్రాడయోల్‌తో వచ్చిన రొమ్ము పెరుగుదలా అంతే. ఏది వెనక్కి పోతుంది, ఏది పోదు అన్నది మొదలుపెట్టేముందే స్పష్టంగా చెప్పడం వైద్యుడి బాధ్యత.

అమెరికాకు చెందిన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్ స్త్రీ రక్తంలో టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల కిందికి రావాలి, ఎస్ట్రాడయోల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలి. ట్రాన్స్ పురుషుడిలో టెస్టోస్టెరాన్ మామూలు పురుషుల స్థాయికి చేరాలి. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు చేయాలి. టెస్టోస్టెరాన్ తీసుకునేవారిలో ఎర్ర రక్తకణాలు మోతాదు మించి పెరిగి రక్తం చిక్కబడవచ్చు కాబట్టి హెమటోక్రిట్ చూడటం తప్పనిసరి. ఈ పరీక్షలన్నీ ఊళ్ళో ఉండే మామూలు ల్యాబుల్లో జరిగేవే.

చికిత్స పుట్టుక

1929లో ఈస్ట్రోన్‌ను వేరుచేశారు. 1935లో టెస్టోస్టెరాన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆ కృషిలో ముందున్న అడాల్ఫ్ బ్యూటెనాంట్, లియోపోల్డ్ రుజిచ్కాలకు 1939 రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో మైకేల్ డిల్లన్ టెస్టోస్టెరాన్ వాడటం మొదలుపెట్టాడు. పరివర్తన కోసం ఆ హార్మోన్ తీసుకున్న తొలివారిలో ఆయన ఒకడు. మాత్రలు ఇచ్చిన వైద్యుడు చికిత్స బాధ్యత మోయకుండా తప్పుకోవడంతో డిల్లన్ తనంతట తానే వాడుకున్నాడు. మందు చేతికొచ్చి వైద్యుడు దూరమవడమన్నది ఈ చికిత్స తొలినాళ్ళ నుంచే ఉందన్నమాట. తర్వాత డిల్లన్ స్వయంగా వైద్యం చదివాడు. 1958లో పత్రికలు ఆయన గతాన్ని బయటపెట్టడంతో భారతదేశం వచ్చి బౌద్ధంలో చేరి, లోబ్‌జాంగ్ జివక అనే పేరు పెట్టుకుని, 1962లో డల్హౌసీలో కన్నుమూశాడు.

1952లో డెన్మార్క్‌లో క్రిస్టీన్ జోర్గెన్‌సన్ పొందిన చికిత్స ప్రపంచ పత్రికలకెక్కింది. అమెరికాలో హ్యారీ బెంజమిన్ అనే వైద్యుడు ఇటువంటి రోగులను ఏళ్ళ తరబడి చూసి 1966లో వెలువరించిన పుస్తకం ఈ వైద్యానికి పునాది వేసింది. ఆయన పేరిట ఏర్పడిన సంఘం 1979లో తొలి వైద్య ప్రమాణాలను ప్రకటించింది. నేడు డబ్ల్యుపాత్ అనే పొట్టి పేరుతో పిలిచే ప్రపంచ సంస్థ అదే. ఆ ప్రమాణాల ఎనిమిదో కూర్పు 2022లో వచ్చింది.

భారత ఉపఖండంలో దీనికి పూర్వరంగం వేరు. హిజ్రా సమాజంలో గురువు, చేలా అనే బంధం మీద నడిచే కుటుంబాల్లో శరీర పరివర్తన అంటే చాలాకాలం నిర్వాణమే. అంటే వృషణాలను, పురుషాంగాన్ని తొలగించడం. దాన్ని దాయమ్మలు, ఆ తర్వాత చిన్న పట్టణాల్లోని కొందరు డాక్టర్లు రహస్యంగా చేసేవారు. హార్మోన్లు ఈ సమాజంలోకి వచ్చింది ఆస్పత్రి ద్వారా కాదు, గర్భనిరోధక మాత్రల ద్వారా. వృషణాలు తీసేశాక హార్మోన్లేవీ తీసుకోకపోతే ఎముకలు గుల్లబారతాయి. యాభై దాటిన హిజ్రాల్లో నడుము నొప్పులకూ సులువుగా విరిగే ఎముకలకూ ఇది కారణం కాగలదని తెలిసినా, దాన్ని వెదకి చూసే వైద్యం ఇప్పటికీ దాదాపు లేదు.

నిర్ధారణ అనే గడప

దశాబ్దాలపాటు ట్రాన్స్ వ్యక్తి హార్మోన్లు పొందాలంటే తాను మానసిక రోగినని ముందు ఒప్పుకోవలసి వచ్చేది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ‘లింగ గుర్తింపు రుగ్మత’ను తీసేసి, లింగం పొంతన కుదరనందువల్ల కలిగే వేదనను మాత్రమే రోగనిర్ధారణ పుస్తకంలో ఉంచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో ఈ పరిస్థితిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి పూర్తిగా తప్పించి, లైంగిక ఆరోగ్య అధ్యాయంలో చేర్చింది. 2019 మే నెలలో ఆమోదం పొందిన ఆ వర్గీకరణ 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. వైద్య అవసరం ఉందని అంటూనే రోగం అన్న ముద్ర తీసేయడం ఇందులోని విశేషం.

ఆచరణలో ఇప్పుడు రెండు పద్ధతులున్నాయి. మానసిక వైద్యుడు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చాకే ఎండోక్రైనాలజిస్టు మందు రాయడం ఒకటి. లాభనష్టాలు వివరించి, అర్థమైందని నిర్ధారించుకుని, వ్యక్తి అంగీకారం మీద చికిత్స మొదలుపెట్టడం రెండోది. అమెరికాలోని పలు సామాజిక క్లినిక్‌లు రెండో పద్ధతిలో నడుస్తాయి. అర్జెంటీనా 2012 చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, కోర్టు అనుమతిగానీ మానసిక వైద్యుడి పత్రంగానీ అక్కర్లేకుండా వయోజనులకు హార్మోన్లు అందించాలని, ప్రభుత్వ, ప్రైవేటు వైద్య పథకాలు రెండూ ఆ ఖర్చు భరించాలని శాసించింది. బ్రిటన్‌లో చికిత్స దాదాపు ఉచితమే, కాని జెండర్ క్లినిక్‌లో తొలిసారి డాక్టరును చూడటానికే ఏళ్ళు పడుతుంది.

భారత్‌లో చలామణీలో ఉన్నది మొదటి పద్ధతి. అందులో ఇచ్చే పత్రాన్ని ట్రాన్స్ యువత జి.డి. (జెండర్ డిస్ఫోరియా) సర్టిఫికెట్ అంటారు. అసోసియేషన్ ఫర్ ట్రాన్స్‌జెండర్ హెల్త్ ఇన్ ఇండియా అనే వైద్యుల సంఘం దేశానికి సరిపడే చికిత్స ప్రమాణాలను రూపొందించింది. అయినా ఏ డాక్టరు ఏమి అడుగుతారన్నది ఊరినిబట్టి, ఆస్పత్రినిబట్టి మారుతుంది. ఒకరు ఒక పత్రం చాలంటారు, మరొకరు రెండు కావాలంటారు. పాతికేళ్ళు దాటినవారినీ తల్లిదండ్రుల సంతకం తెమ్మనే ఆస్పత్రులున్నాయి. వయోజనుడి చికిత్సకు తల్లిదండ్రుల అంగీకారం ఏ చట్టమూ కోరదు. పరివర్తన సంగతి తెలిసి ఇల్లు వెళ్ళగొట్టిన బిడ్డను అదే ఇంటికి సంతకం కోసం పంపడమంటే చికిత్స లేదనడమే. మానసిక వైద్యుడి పాత్రను ఎవరూ కాదనరు. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఈ సమాజంలో ఎక్కువ, వాటికి సాయం కావాలి. ఆ సాయం కాపలాగా మారినప్పుడే మనిషి డాక్టరుకు నిజం చెప్పడం మానేసి, సర్టిఫికెట్ రావడానికి ఏమి చెప్పాలో అది నేర్చుకుని వస్తాడు.

చట్టం చెప్పినది

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ కేసులో, తన లింగమేదో నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని, శస్త్రచికిత్స చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చెల్లదని తీర్పునిచ్చింది. ఆస్పత్రుల్లో ట్రాన్స్‌జెండర్లకు తగిన వైద్యం అందించాలని ప్రభుత్వాలను ఆదేశించింది.

ఆ తర్వాత వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల రక్షణ) చట్టం 2019లో ఆమోదం పొంది 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. హార్మోన్ చికిత్సను పేరు పెట్టి ప్రస్తావించిన కేంద్ర చట్టం ఇదే. ఆమోదం పొందిన రూపంలో దాని 15వ సెక్షన్ శస్త్రచికిత్సను, హార్మోన్ చికిత్సను అందించే వైద్య సదుపాయాలు కల్పించడం, వాటికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వడం, డబ్ల్యుపాత్ ప్రమాణాలకు తగిన వైద్య కరదీపిక తేవడం, వైద్యవిద్య పాఠ్యప్రణాళికను సమీక్షించడం, ఈ ఖర్చులకు బీమా కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని చెప్పింది. 2020 నిబంధనలు వైద్య జోక్యం అనే మాటలో కౌన్సెలింగ్‌ను, హార్మోన్లను కూడా కలిపాయి. కాని అదే చట్టం ట్రాన్స్‌జెండర్ అనే గుర్తింపు పత్రం నుంచి స్త్రీ లేదా పురుషుడు అనే పత్రానికి మారాలంటే శస్త్రచికిత్స రుజువు అడిగింది. పదేళ్ళుగా టెస్టోస్టెరాన్ మీద ఉండి, గడ్డంతో, పురుషుడిగా ఉద్యోగం చేసుకుంటున్న వ్యక్తికైనా శస్త్రచికిత్స లేనిదే ఆ పత్రం రాదన్నది ఆ చట్టం మాటల అర్థం. 2014 తీర్పు స్ఫూర్తికి ఇది ఎదురు నడక.

తెలంగాణలో నిజాం కాలపు చట్టం ఒకటి ఇటీవలి వరకు పుస్తకాల్లో ఉండిపోయింది. 1329 ఫసలీ, అంటే 1919 నాటి ఆ చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో నమోదు చేయమనేది, స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చేది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పిటిషనర్లలో హైదరాబాద్‌కు చెందిన ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి ఒకరు.

వైద్యవిద్యలో మార్పుకు మద్రాసు హైకోర్టు కారణమైంది. 2021లో ఒక కేసు విచారణలో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఆదేశాల తర్వాత జాతీయ వైద్య కమిషన్ పాఠ్యపుస్తకాల్లోని అశాస్త్రీయ రాతలను సవరించమంది. లింగ గుర్తింపును ‘మార్చే’ పేరిట చేసే వైద్యాన్ని 2022లో వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2024 ఆగస్టులో అదే కమిషన్ కొత్త పాఠ్యప్రణాళికలో పాత భావాలు కొన్ని మళ్ళీ చొరబడ్డాయి. విమర్శ రావడంతో కొద్దిరోజులకే వాటిని వెనక్కి తీసుకున్నారు. ఎంబీబీఎస్ చదివిన ఐదేళ్ళలో ట్రాన్స్ రోగిని ఒక్కరినీ చూడని డాక్టరు, హార్మోన్ల చీటీ రాయమంటే వెనకాడటంలో ఆశ్చర్యం లేదు.

చీటీ లేని మందు

ఈస్ట్రోజెన్, ఆండ్రోజెన్ మందులు డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి. అంటే రిజిస్టరైన డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. ఆచరణలో చాలా షాపులు చీటీ అడగవు. అందువల్ల భారత్‌లో హార్మోన్లు మొదలుపెట్టేవారిలో ఎందరో తొలి మోతాదును స్నేహితురాలినో, తమకంటే ముందు వాడిన అక్కనో, గురువునో అడిగి తీసుకుంటారు. ఆ అక్కల అనుభవం చులకన చేయదగినది కాదు. డాక్టర్లు తలుపు వేసినప్పుడు ఆ జ్ఞానమే ఎందరినో బతికించింది. కాని ఒకరి ఒంటికి సరిపడినది మరొకరికి సరిపడదన్న సంగతి రక్తపరీక్ష లేకుండా తెలియదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది గర్భనిరోధక మాత్రల వాడకం. మాలా-డి వంటి మాత్రలు చౌకగా, చీటీ లేకుండా దొరుకుతాయి. ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఎస్ట్రాడయోల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. ఇథినైల్ ఎస్ట్రాడయోల్ కాలేయంలో త్వరగా విరగదు, రక్తం గడ్డకట్టే పదార్థాలను పెంచుతుంది. అందుకే దాన్ని పరివర్తనకు వాడొద్దని మార్గదర్శకాలన్నీ చెబుతాయి. మార్పు తొందరగా రావాలని రోజుకు నాలుగైదు మాత్రలు మింగితే పిక్కల్లో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. మోతాదు పెంచినంత మాత్రాన రొమ్ము ఎక్కువ పెరగదు కూడా. రక్తంలో కొలవడానికి వీలైన ఎస్ట్రాడయోల్ మాత్రలు అదే షాపులో పక్క అరలో ఉంటాయి. ఆ అర గురించి చెప్పే మనిషి లేకపోవడమే ఇక్కడి ప్రమాదం.

ట్రాన్స్ పురుషుల సమస్య మరో తీరుది. టెస్టోస్టెరాన్‌ను జిమ్ముల్లో కండల కోసం దుర్వినియోగం చేస్తారు గనుక షాపుల్లో అనుమానపు చూపులు, బయట నకిలీ సరుకు రెండూ ఎదురవుతాయి. ఇంజెక్షన్ ఎవరో వేయాలి. చిన్న ఊళ్ళలో ఆ పని చేసేది ఆర్.ఎం.పి. డాక్టరు, ఆయన ప్రశ్నలు ఊరంతా పాకవచ్చు. హిజ్రా సమాజానికి గురువులు, ఇళ్ళు, తరతరాల ఆసరా ఉన్నాయి. ఆడపిల్లగా పెరిగిన ట్రాన్స్ పురుషుడికి ఆ ఆసరా లేదు. అతను గడప దాటడమే కష్టం, పెళ్ళి ఒత్తిడి నుంచి తప్పించుకోవడం ఇంకా కష్టం. చికిత్స గురించిన లెక్కల్లో, వార్తల్లో అతను తక్కువగా కనబడటానికి కారణం అవసరం లేక కాదు.

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కొంత ఊరట. వీడియోలో డాక్టరును సంప్రదించి చీటీ తీసుకోవడానికి చట్టబద్ధమైన దారి ఏర్పడింది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న మనిషికి హైదరాబాద్ ప్రయాణం తప్పినా మేలే.

నారాయణగూడ క్లినిక్

2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసమే దేశంలో ఏర్పడిన తొలి సమగ్ర క్లినిక్‌గా దానికి పేరు. అమెరికా అంతర్జాతీయ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులతో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల చేపట్టిన యాక్సిలరేట్ ప్రాజెక్టు కింద అది నడిచింది. పుణె, ఠాణేలలోనూ ఇటువంటివి తెరిచారు. హెచ్‌ఐవీ పరీక్షలు, మందులు, హార్మోన్లపై సలహా, మానసిక సాయం, మామూలు జ్వరానికి వైద్యం అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. సిబ్బందిలో ట్రాన్స్ వ్యక్తులే ఎక్కువ.

నిధులు హెచ్‌ఐవీ కార్యక్రమానివి. అందులో ఒక ఆలోచన ఉంది. హెచ్‌ఐవీ పరీక్షకు రమ్మంటే రాని మనిషి హార్మోన్ల కోసం వస్తారు, వచ్చాక మిగతా వైద్యమూ అందుతుంది. హార్మోన్లు వాడేవారు అవి హెచ్‌ఐవీ మందులతో పొసగవేమోనని ఆ హెచ్‌ఐవీ మందులు మానేసే సందర్భాలున్నాయి. రెండూ ఒకే డాక్టరు చూస్తే ఆ భయం తీరుతుంది. బ్యాంకాక్‌లో 2015లో తెరిచిన టాంజరిన్ క్లినిక్ ఆసియాలో ఈ పద్ధతికి ముందు నమూనా.

2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపేయడంతో మూడు క్లినిక్‌లూ మూతపడ్డాయి. ఒక్కో క్లినిక్ నడపడానికి నెలకు అయ్యే ఖర్చు రెండున్నర లక్షల రూపాయల దాకా అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక ప్రభుత్వ ఆస్పత్రి బడ్జెట్‌లో అది కనబడని మొత్తం. అంత చిన్న ఖర్చుకు సముద్రం అవతలి నిర్ణయం మీద ఆధారపడవలసి రావడం ఈ చికిత్స ఎంత బలహీనమైన పునాది మీద నిలిచిందో చూపుతుంది. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్ క్లినిక్ సబ్‌రంగ్ అనే పేరుతో మళ్ళీ తెరుచుకుంది.

ప్రభుత్వ రంగంలో చెప్పుకోదగిన అడుగు 2022లో పడింది. ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివిన ప్రాచీ రాథోడ్, హైదరాబాద్‌లో చదివిన రూత్ జాన్‌పాల్ ఉస్మానియా ఆస్పత్రి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ సేవలో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వారే. 2025లో జిల్లాల్లో మైత్రి పేరిట ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు తెరుస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఇటువంటి క్లినిక్ నిజంగా పనిచేయాలంటే వారానికొకరోజు ఓపీ, ఎస్ట్రాడయోల్ నిల్వ, హార్మోన్ పరీక్ష చేసే ల్యాబు, పేరు మార్చి పిలవని రిజిస్ట్రేషన్ గుమాస్తా కావాలి.

దక్షిణాదిలోని మరికొన్ని రాష్ట్రాల అనుభవం పాతది. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు ఏర్పాటు చేసి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో శస్త్రచికిత్సను ఉచితం చేసింది. చెన్నై, మదురై ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీనికోసమే ప్రత్యేక క్లినిక్‌లు నడుస్తున్నాయి. కేరళ 2015లో విధానం ప్రకటించి, శస్త్రచికిత్స ఖర్చును తిరిగి చెల్లించే పథకం పెట్టింది.

ఖర్చు

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో ఒప్పందం చేసుకుని, ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉన్నవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ప్రకటించాయి. ఆయుష్మాన్ భారత్‌గానీ ఆరోగ్యశ్రీగానీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి రూపొందినవి. నెలనెలా కొనే మాత్రకు, మూడు నెలలకొకసారి చేయించే పరీక్షకు అవి పెద్దగా అక్కరకు రావు. హార్మోన్ చికిత్స ఖర్చంతా ఆ నెలనెలా కొనేదాంట్లోనే ఉంటుంది. మాత్రలకంటే కన్సల్టేషన్ ఫీజు, హార్మోన్ పరీక్షలు, ప్రయాణం కలిసి భారమవుతాయి. దానితో కోత పడేది ముందుగా పరీక్షలకే. భిక్షాటన మీదో రోజుకూలీ మీదో బతికేవారు డబ్బు ఉన్న నెల మందు వేసుకుని, లేని నెల మానేస్తారు. ఇలా ఆపి మొదలుపెట్టడం వల్ల శరీరానికీ మనసుకూ కలిగే నష్టం ఏ లెక్కలోనూ రాదు.

సంతానం, మైనర్లు

ఈస్ట్రోజెన్ వీర్యకణాల ఉత్పత్తిని తగ్గిస్తుంది, కొందరిలో అది తిరిగి రాకపోవచ్చు. టెస్టోస్టెరాన్ అండం విడుదలను ఆపినా గర్భనిరోధకంగా పనికిరాదు. మొదలుపెట్టేముందు వీర్యాన్నో అండాలనో భద్రపరచుకోవచ్చని చెప్పాలని ప్రమాణాలన్నీ అంటాయి. 2021 నాటి సంతాన సాఫల్య సేవల చట్టం మాత్రం సంతానం లేని దంపతులను, స్త్రీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. అందులో ట్రాన్స్ వ్యక్తుల ఊసే లేదు.

పద్దెనిమిదేళ్ళ లోపువారి విషయం అంతటా వివాదంలో ఉంది. యవ్వన మార్పులను తాత్కాలికంగా ఆపే మందులపై బ్రిటన్‌లో 2024 కాస్ నివేదిక తర్వాత ఆంక్షలు వచ్చాయి, పలు అమెరికా రాష్ట్రాలు మైనర్లకు చికిత్సను నిషేధించాయి. ప్రధాన అమెరికన్ వైద్య సంఘాలు ఆ నిషేధాలను వ్యతిరేకించాయి. భారత్‌లో మైనర్లకు ఈ మందులివ్వడం చాలా అరుదు. ఇక్కడ అసలు సమస్య పద్దెనిమిది నిండిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి రావడం.

దీర్ఘకాల సంరక్షణ

హార్మోన్ చికిత్స సాధారణంగా జీవితాంతం సాగుతుంది. ట్రాన్స్ స్త్రీకి ప్రొస్టేట్ గ్రంథి ఉంటుంది, ఈస్ట్రోజెన్ వల్ల రొమ్ము కణజాలమూ పెరుగుతుంది. వయసు మీద పడ్డాక రెండింటికీ క్యాన్సర్ పరీక్షలు కావాలి. గర్భాశయం తీయించుకోని ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వార పరీక్ష అవసరం. కాని గడ్డమున్న మనిషి గైనకాలజీ ఓపీ ముందు కూర్చోవడానికి వీలుగా ఉన్న ఆస్పత్రులు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. పెద్ద శస్త్రచికిత్సకు, కాలు విరిగి మంచాన పడటానికి, గుండెపోటుకు ఆస్పత్రిలో చేరినప్పుడు హార్మోన్లను కొనసాగించాలా, కొన్నాళ్ళు ఆపాలా అన్నది రోగినిబట్టి నిర్ణయించవలసిన విషయం. కేసు షీటులో ఆ మందుల పేర్లు లేకపోతే నిర్ణయించేవారికి ప్రశ్నే తెలియదు. స్త్రీ, పురుష వార్డులు తప్ప మరొకటి లేని చోట ఎక్కడ పడుకోబెట్టాలన్న తర్జనభర్జనలో చికిత్సే ఆలస్యమవుతుంది. రోగి ఏ లింగంగా జీవిస్తున్నారో ఆ వార్డులో మంచం ఇవ్వడం, వాడుతున్న హార్మోన్లను అడిగి రాసుకోవడం ఖర్చు లేని ఏర్పాట్లు. ఇవి ఏ జనరల్ ఆస్పత్రిలోనైనా, ప్రత్యేక క్లినిక్ కోసం ఆగకుండా, ఒక్క ఉత్తర్వుతో మొదలుకాగలవు.